రాళ్ల మధ్యకి పిల్లల్ని తీసుకెళ్లే ముందు

(విదేశాల్లోని యుద్ధ స్మారకాలు, యుద్ధభూములు చూపించడానికి విద్యార్థులను తీసుకెళ్లబోతున్న ఉపాధ్యాయుల సమావేశంలో ఒక చరిత్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు ఒకటే షరతు పెట్టారు. "మేడమ్, పనికొచ్చేవి చెప్పండి, పాఠం చెప్పకండి" అన్నారు. ఎక్కడ దిగాలి, ఎంతసేపు ఉండాలి, పిల్లలు అల్లరి చేస్తే ఏం చెయ్యాలి, ఇవి. చెప్తాను. కానీ ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పిన నోరు కదా, మధ్యలో పాఠంలోకి జారిపోతే ఓర్చుకోండి.

మీ దగ్గర ఈపాటికి ఒక ఫైలు తయారై ఉంటుంది. పిల్లకో కాగితం. పేరు, పుట్టిన తేదీ, పడని మందులు, రాత్రిళ్లు నిద్రలో లేచి నడిచే అలవాటుందా, ఏదైనా జరిగితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి. అన్నిటికీ అడుగున ఒక గీత. ఆ గీత మీద అమ్మో నాన్నో సంతకం. మా పిల్లని మీ వెంట పరాయి దేశం పంపడం మాకు సమ్మతమే అని. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ ఫైలుని పెట్టెలో బట్టల కింద కుక్కేశాను. ఇప్పుడు చేతిసంచీలోంచి బయటికి తియ్యను. ఎందుకో తర్వాత చెప్తాను.

నేను ఎక్కువసార్లు వెళ్లింది బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్లపాటు రెండు సైన్యాలు కందకాలు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చున్న నేల అది. అందుకే నా ఉదాహరణలు దాదాపు అన్నీ అక్కడివే. మీలో కొందరు ఫ్రాన్స్‌లోనే నార్మండీ వెళ్తున్నారట, కొందరు టర్కీలోని గల్లిపోలి. చోటు మారినా పిల్లలు పిల్లలే కదా, చాలావరకు పనికొస్తాయి.

ముందు నా తప్పు చెప్తాను. మొదటి యాత్రలో ఒక్క రోజుకి తొమ్మిది చోట్లు పెట్టాను. ఖర్చు పెట్టుకుని ఇంత దూరం వచ్చాం, ఒక్కటీ వదలకూడదని నా ఆశ. మూడో శ్మశానం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు బాత్రూమ్ ఎక్కడని అడుగుతున్నారు. ఆరో చోట వాళ్లు చూస్తున్నది రాళ్లని కాదు, ఒకరి ఫోన్ ఒకరు. తొమ్మిదో చోట సగం మంది బస్సే దిగలేదు. నాకు కోపం వచ్చింది, నాలుగు మాటలు అన్నాను కూడా. ఆ రాత్రి హోటల్లో పడుకుని ఆలోచిస్తే అర్థమైంది. నాకే ఐదో చోటుకీ ఆరో చోటుకీ తేడా గుర్తులేదు.

అంకెల సంగతీ అంతే. బెల్జియంలో ఈపర్ పట్టణంలో మెనిన్ గేట్ అని ఉంటుంది. పెద్ద ద్వారం. దాని గోడల మీద 54 వేలకు పైగా బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల పేర్లు. అక్కడికి కొద్ది దూరంలో టైన్ కాట్. ఆ శ్మశానం వెనక గోడ మీద ఇంకో 35 వేలు. ఫ్రాన్స్‌లోకి దాటి సోమ్ నది ప్రాంతానికి వెళ్తే తియెప్వాల్ స్మారకం, దాని మీద 72 వేలకు పైగా. బస్సులో మైకు పట్టుకుని ఇవన్నీ చదివారనుకోండి, పిల్లలు బుద్ధిగా నోటుపుస్తకంలో రాసుకుంటారు. అంతే. ఏమీ జరగదు. పైగా ఇవి చనిపోయినవాళ్ల మొత్తం లెక్క అనుకుంటారు. కాదు. ఇది ఆచూకీ తెలియనివాళ్ల లెక్క మాత్రమే. శరీరం దొరకనివాళ్లు, దొరికినా ఎవరిదో తెలియనివాళ్లు. సమాధులున్నవాళ్లు వేరు. మెనిన్ గేట్ ఎంత పెద్దదైనా పేర్లన్నీ అందులో పట్టలేదు. అందుకని 1917 ఆగస్టు 15 అని ఒక తేదీ గీశారు. ఆ తేదీ తర్వాత కనబడకుండా పోయినవాళ్ల పేర్లు టైన్ కాట్ గోడకి వెళ్లాయి. ఈ చిన్న సంగతి చెప్పి చూడండి, "పట్టలేదా?" అని తలెత్తుతారు. 54 వేలు అన్నప్పుడు ఎత్తని తల అది.

అందుకని రోజుకి మూడు చోట్లు. నాలుగోది పెట్టాలనిపిస్తే చెయ్యి వెనక్కి కట్టుకోండి.

రెండోది, ఇది నేను ఇంకో టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. బయలుదేరే ముందే ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్క పేరు ఇవ్వండి. బ్రిటన్, దాని సామ్రాజ్య దేశాల సైనికుల సమాధులు చూసుకునే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. దాని వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఏ శ్మశానం, ఏ విభాగం, ఏ వరస, ఎన్నో సమాధి అని వస్తుంది. గోడ మీద పేరైతే ఎన్నో పలక అని వస్తుంది. పిల్లలు ఆ కాగితం పట్టుకుని వెతుక్కోవాలి. మీరు వేలు పెట్టి చూపించకండి. శ్మశానం గేటు దగ్గర గోడలో చిన్న కంచు తలుపున్న గూడు ఉంటుంది. అందులో రిజిస్టరు పెడతారు. ఆ తలుపు తెరవడమే పిల్లలకి ఒక సరదా. తెరవనివ్వండి.

ఒకసారి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి తగువు పెట్టుకుంది. "వాళ్లందరికీ ఉత్తరాలున్నాయి, ఫోటోలున్నాయి. నాకిచ్చిన ఆయనకి పేరూ నంబరూ తప్ప ఏమీ లేవు. నాకు వేరే ఆయన్ని ఇవ్వండి" అంది. మార్చేద్దామనే అనుకున్నాను. అంతలో వేరే పని పడి మర్చిపోయాను, అదీ నిజం. తియెప్వాల్‌లో ఆ పేరు వెతకడానికి ఆ పిల్లకి నలభై నిమిషాలు పట్టింది. అక్కడ పేర్లు రెజిమెంటు వారీగా, అందులో మళ్లీ హోదా వారీగా ఉంటాయి. ఏ స్తంభం, దానికి ఏ వైపు అన్నది తెలియకపోతే తిరుగుతూనే ఉండాలి. దొరికాక కేకేసి పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. దూరం నుంచి చూస్తే ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి రాస్తోంది, పలక మీద దిద్దినట్టు.

సరే, సమాధి రాయి ఎలా చదవాలో పిల్లలకి ముందే నేర్పండి. ఇది చాలా ముఖ్యం, కొంచెం ఆగి చెప్తాను. బ్రిటిష్, కామన్వెల్త్ రాళ్లన్నీ ఒకటే కొలత. పైన రెజిమెంటు గుర్తు. తర్వాత నంబరు, హోదా, పేరు, చనిపోయిన తేదీ, కొన్నిటికి వయసు. మధ్యలో మతచిహ్నం. అన్నిటికంటే అడుగున, ఉంటే, ఇంటివాళ్లు రాయించిన ఒక మాట.

ఆ ఒకటే కొలత ఊరికే రాలేదండీ. 1917లో ఈ కమిషన్ పెట్టినప్పుడు ఫేబియన్ వేర్ అనే ఆయన పట్టుబట్టింది దాని మీదే. జనరల్ కొడుకైనా, కూలివాడి కొడుకైనా రాయి ఒకటే. డబ్బున్నవాళ్లు శవాన్ని ఇంటికి తెచ్చుకుంటాం, మా వాడికి మేం గుడి కట్టుకుంటాం అంటే కుదరదు. ఎవరెక్కడ పడిపోయారో ఆ నేలలోనే. ఈ రోజు వింటే ఎంత న్యాయంగా ఉందో అనిపిస్తుంది. ఆ రోజు తల్లులకి అలా అనిపించలేదు. మా బిడ్డని మీరు తీసుకున్నారు, శవాన్ని కూడా ఇవ్వరా అని అడిగారు. 1920లో బ్రిటన్ పార్లమెంటులో దీని మీద పెద్ద చర్చే జరిగింది. మా క్లాసులో దీన్ని పిల్లల చేత వాదింపజేస్తాను, రెండు పక్షాలుగా విడదీసి. ప్రతిసారీ రెండు పక్షాలూ గెలుస్తాయి.

అడుగున ఉండే ఆ మాటకి హద్దు 66 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో కలిపి. మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీలని రేటు కూడా పెట్టారు, తర్వాత ఇష్టమైతే ఇవ్వండి అన్నారు. న్యూజిలాండ్ ప్రభుత్వం అయితే ఈ మాటలే వద్దంది. ఒకడు రాయించుకోగలిగి ఇంకొకడు రాయించుకోలేకపోతే సమానం ఎక్కడుంది అని. అందుకే వాళ్ల రాళ్ల అడుగున ఖాళీగా ఉంటుంది. వెళ్లే ముందు పిల్లలకి ఒక పని ఇవ్వండి. 66 అక్షరాల్లో ఒక మాట రాయమనండి. ఎవరి కోసమో చెప్పకండి. వాళ్లే ఎవరినో అనుకుని రాస్తారు. నేను ఆ కాగితాలు అడిగి తీసుకోను.

పేరు తెలియని సమాధుల మీద "దేవుడికి తెలిసినవాడు" అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంటుంది. టైన్ కాట్‌లో దాదాపు 12 వేల సమాధులుంటే అందులో 8,300కి పైగా ఇలాంటివే. ఆ మాట ఎంచినవాడు రుడ్‌యార్డ్ కిప్లింగ్, రచయిత. ఆయన కొడుకు జాన్‌కి చూపు సరిగా ఆనదు, సైన్యం వద్దంది. తండ్రి తన పలుకుబడి వాడి, పెద్ద సేనాని ఒకాయనతో చెప్పించి, అబ్బాయికి ఆఫీసరు ఉద్యోగం ఇప్పించాడు. 1915 సెప్టెంబరులో లూస్ యుద్ధంలో ఆ అబ్బాయి కనబడకుండా పోయాడు. పద్దెనిమిది నిండి ఆరు వారాలు. తండ్రి బతికున్నంత కాలం సమాధి ఎక్కడో తెలియలేదు. పేరు లేని రాళ్లకి మాట కావాలని కమిషన్ అడిగింది అలాంటి మనిషిని.

నేను పాఠంలోకి జారిపోయానా? జారాను. (నవ్వులు)

ఇప్పుడు ఎసెక్స్ ఫామ్ శ్మశానం. ఈపర్ పక్కనే, కాలవ గట్టున. స్కూలు బస్సులన్నీ అక్కడ ఆగుతాయి, మీదీ ఆగుతుంది. గాయపడ్డవాళ్లకి కట్లు కట్టిన కాంక్రీటు గదులు ఇంకా ఉన్నాయి. గసగసాల పువ్వుల మీద ఆ పేరుమోసిన కవితని జాన్ మెక్రే అనే కెనడా డాక్టరు 1915 మేలో రాసింది ఆ పరిసరాల్లోనే. పిల్లలు గుంపుగా చేరే రాయి ఒకటుంటుంది. వాలెంటైన్ స్ట్రడ్విక్, రైఫిల్ బ్రిగేడ్, 1916 జనవరి 14, వయసు 15. ఆ రాయి ముందు గడ్డి బతకదు, అన్ని కాళ్లు పడతాయి. గైడు "మీ ఈడువాడే" అంటాడు. పిల్లలు "అయ్యో" అంటారు. ఫోటో తీసుకుంటారు. బస్సు ఎక్కుతారు.

నాకు ఇది నచ్చదు. ఆ అబ్బాయి మీద కాదు నా అభ్యంతరం. ఆ "అయ్యో" మరీ చవగ్గా వచ్చేస్తుంది. నేను చేసేదేమిటంటే, ఆ రాయి దగ్గర ఆగి, సరే చూశారు కదా, ఇప్పుడు అటు రెండు రాళ్లు, ఇటు రెండు రాళ్లు చదవండి అంటాను. ముప్పై నాలుగేళ్లాయన ఉంటాడు, వయసు రాయనివాడు ఉంటాడు. వాళ్ల ముందు గడ్డి పచ్చగా ఉంటుంది. అది పిల్లలే గమనిస్తారు, మీరు చెప్పక్కర్లేదు.

మెనిన్ గేట్ దగ్గర రోజూ రాత్రి ఎనిమిదింటికి రోడ్డు ఆపేసి బ్యూగిల్ వాయిస్తారు. 1928లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పట్టణాన్ని ఆక్రమించిన నాలుగేళ్లు ఇంగ్లండ్‌లోని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానంలో వాయించారు. 1944 సెప్టెంబరు 6న పోలండ్ సైనికులు ఈపర్‌ని విడిపించిన ఆ సాయంత్రమే మళ్లీ గేటు కింద మోగింది. ఏడు గంటలకల్లా అక్కడుండండి, లేకపోతే ముందువాళ్ల వీపులు తప్ప ఏం కనబడవు. చప్పట్లు కొట్టకూడదని పిల్లలకి ముందే చెప్పండి, కొట్టేస్తారు. పుష్పగుచ్ఛం పెట్టాలంటే నిర్వాహకులకి ముందుగా రాసి తేదీ తీసుకోవాలి. మీ పిల్లల్లో ఎవరు పెట్టాలన్నది మాత్రం మార్కులు చూసి తేల్చకండి. నేను చీటీలు వేస్తాను.

అల్లరి సంగతి అడిగారు. పిల్లలు నవ్వుతారు. శ్మశానంలో నవ్వుతారు, కందకంలో పరుగెత్తుతారు, ఇంకొకణ్ణి భయపెడతారు. తిట్టకండి. ఏం చెయ్యాలో తెలియక వచ్చే నవ్వు అది, పెద్దవాళ్లం మనం దగ్గుతాం, వాళ్లు నవ్వుతారు. ఒక్క చోట మాత్రం కచ్చితంగా ఉండండి. నేల మీద ఇనుప ముక్క ఏది కనబడినా ముట్టుకోకూడదు. ఏదీ అంటే ఏదీ. నూరేళ్లు దాటినా ఆ పొలాల్లో నాగలికి పేలకుండా మిగిలిన ఫిరంగి గుళ్లు, షెల్స్, తగులుతూనే ఉన్నాయి. రైతులు వాటిని తీసి పొలం గట్టున, స్తంభాల పక్కన పెడతారు, సైన్యంవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. కొన్నిటిలో విషవాయువు ఉంటుంది. ఫ్రాన్స్‌లో విమీ గుట్ట మీద కెనడా స్మారకం చుట్టూ కంచె వేసి గొర్రెల్ని మేపుతారు, ఎందుకంటే అక్కడ గడ్డి కోసే మనిషిని పంపలేరు. గొర్రెల్ని చూసి పిల్లలు ముచ్చటపడతారు. పడ్డాక కారణం చెప్పండి.

కందకాలు చూపించాలంటే సోమ్ ప్రాంతంలోని బ్యూమాంట్ హామెల్. సోమ్ యుద్ధం మొదటి రోజు, 1916 జులై 1న, ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యానికి 57,470 మంది నష్టం, అందులో 19,240 మంది చనిపోయారు. నేను అంకెలు చెప్పొద్దన్నాను కదా, అందుకే ఇక్కడ నేను చెప్పేది వేరే అంకె. ఇప్పుడు కెనడాలో భాగమైన న్యూఫౌండ్‌లాండ్ నుంచి వచ్చిన రెజిమెంటు, దాదాపు 800 మంది, ఆ వాలు మీదుగా నడిచారు. అరగంటలో అయిపోయింది. మర్నాడు హాజరు పిలిస్తే పలికినవాళ్లు 68 మంది. మనం టీచర్లం కదా, హాజరు అంటే ఏమిటో మనకి తెలుసు. ఒక పేరు పిలిచి, ఎవరూ పలక్కపోతే తలెత్తి చూస్తాం. అక్కడ గైడ్లుగా ఉండేది కెనడా విద్యార్థులే, మీ పిల్లల కంటే నాలుగైదేళ్లు పెద్ద. మీరు పక్కకి తప్పుకుని వాళ్లని మాట్లాడనివ్వండి. మన మాట కంటే వాళ్ల మాట పిల్లలు బాగా వింటారు.

ఇప్పుడు లాంగెమార్క్. ఇది ఈపర్‌కి దగ్గరలోని జర్మన్ శ్మశానం, చాలా బస్సులు ఇక్కడ పది నిమిషాలే ఆగుతాయి. తెల్లరాళ్లు, పూలమొక్కలు చూసి వచ్చిన పిల్లలకి ఇక్కడ ఏదో బరువు తగులుతుంది. ఓక్ చెట్ల నీడ, నేలకి అతుక్కున్న చదునైన రాళ్లు, ఒక్కో రాయి కింద ఎందరో. 44 వేలకు పైగా మంది. గేటు దాటగానే ఒక్క గుంతలోనే పాతిక వేల మంది దాకా ఉన్నారు.

కానీ నేను ఇక్కడ గంట సేపు ఉండేది దీనికోసం కాదు. 1914 నవంబరు 11న జర్మన్ సైన్యం ఒక ప్రకటన చేసింది. లాంగెమార్క్‌కి పడమట మా యువ రెజిమెంట్లు దేశభక్తి గీతం పాడుకుంటూ శత్రువు మీదికి దూకాయి అని. దాన్నుంచి ఒక కథ పుట్టింది. కాలేజీ కుర్రాళ్లు, స్కూలు కుర్రాళ్లు, పాటలు పాడుతూ చావుకి ఎదురెళ్లారు అని. నిజానికి ఆ పోరు లాంగెమార్క్‌లో కంటే బిక్స్‌షోట్ అనే ఊరికి దగ్గర. ఆ రెజిమెంట్లలో విద్యార్థులు కొందరే. ఎక్కువమంది పనివాళ్లు, రైతులు, వయసు మళ్లినవాళ్లు కూడా. ఆ కథ మాత్రం పాతికేళ్లు బతికింది. ఏటా ఉత్సవాలు చేశారు, బడిపిల్లలకి చెప్పారు, నాజీలు ఇంకా పెద్దది చేశారు. 1940 జూన్‌లో హిట్లర్ స్వయంగా ఆ శ్మశానానికి వచ్చాడు. ఆ కథ విని పెరిగిన పిల్లలే రెండో యుద్ధానికి సిపాయిలయ్యారు.

అక్కడ నిలబడి నేను నా పిల్లలకి చెప్పేదేమిటంటే, ఈ కథని ఊరూరా మోసినవాళ్లలో నా లాంటివాళ్లు ఉన్నారు. టీచర్లు. మంచి టీచర్లే అయి ఉంటారు. పిల్లల్ని స్మారకాల దగ్గరికి తీసుకొచ్చి కళ్లనీళ్లు పెట్టించినవాళ్లే. అందుకని నేను ఇక్కడ చెప్పేది కూడా ఊరికే నమ్మకండి, అడగండి అంటాను. ఒకసారి ఒక అబ్బాయి వెంటనే అడిగాడు: "అయితే పొద్దున మీరు చెప్పిన ఆ కాల్పులాపిన క్రిస్మస్ ఫుట్‌బాల్ కథ?" బాగా దొరికిపోయాను. 1914 క్రిస్మస్‌కి చాలాచోట్ల కాల్పులు ఆగడం నిజం, ఒకరి చేతులు ఒకరు కలపడం నిజం. రెండు సైన్యాల మధ్య నేను చెప్పినంత పెద్ద ఆట జరిగిందనడానికి మాత్రం ఆధారం పల్చన. ఒప్పుకున్నాను.

ఇంకో చోటు. మీ టూర్ కంపెనీ ఇచ్చే జాబితాలో దాదాపు ఉండదు. అడిగి పెట్టించుకోండి. ఫ్రాన్స్‌లో నవ్ షపెల్. భారత సైన్యపు లాహోర్ డివిజన్ 1914 సెప్టెంబరు చివర్లో, మీరట్ డివిజన్ అక్టోబరులో మార్సే రేవులో దిగాయి. అక్టోబరు నెలాఖరుకల్లా రెండూ కందకాల్లో ఉన్నాయి, ఉష్ణదేశపు బట్టలతో. ఆ అక్టోబరు 31న హోలెబెకే దగ్గర మెషిన్‌గన్ వదలకుండా నిలబడిన ఖుదాదాద్ ఖాన్‌కి శౌర్యానికి బ్రిటన్ ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది, భారత సైన్యంలో ఒక భారతీయ సిపాయికి అది మొదటిది. మరుసటి మార్చిలో నవ్ షపెల్ మీద దాడి. దాని గుర్తుగా అక్కడ గుండ్రటి ప్రహరీ, లోపల పదిహేను మీటర్ల స్తంభం, పైన తామర, కింద రెండు పులులు. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన, 1927లో తెరిచారు. సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయ సిపాయిల, కూలీల పేర్లు గోడ మీద. రోడ్డు మలుపులో ఉంటుంది, కార్లు పక్కనించే పోతుంటాయి. మేం వెళ్లినప్పుడు మేం తప్ప ఎవరూ లేరు.

అక్కడ ఒక పిల్లవాడు అడిగాడు: "పేర్లు ఉన్నవాళ్లు సరే. పేర్లు ఎవరూ రాసుకోనివాళ్లు?"

అప్పుడు నాకు జవాబు తెలియదు. తర్వాత 2021లో కమిషనే ఒక నివేదిక వేసి క్షమాపణ చెప్పింది. రాయి ఒకటే, కొలత ఒకటే అన్నానా, అది ఐరోపాలో. ఆఫ్రికాలో, మధ్యప్రాచ్యంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ నియమం మారిపోయింది. 45 వేల నుంచి 54 వేల మందిని తెల్లవాళ్లతో సమానంగా గుర్తుంచుకోలేదు. ఇంకా కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తే లేదు, అసలు ఏ గుర్తూ లేకపోయి ఉండొచ్చు. వీళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు మనుషులు. ఫేబియన్ వేర్ సంగతి నేను ఎంత గొప్పగా చెప్పేదాన్నో. ఇప్పుడూ చెప్తాను, కానీ ఇది కలిపి చెప్తాను.

తూర్పు వైపు వెళ్లేవాళ్లు థాయ్‌లాండ్‌లో కాంచనబురి చూస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాకి జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల రైలుదారి. యుద్ధఖైదీల శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులు, పేరూ వరసా చక్కగా. ఆ ఖైదీలతో పాటు పనిచేసి, వాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయిన ఆసియా కూలీలు, మలయా తోటల నుంచి పట్టుకొచ్చిన దక్షిణ భారతీయులు సహా, వాళ్లకి అలాంటి వరసలు లేవు. జపాన్ దీవి ఒకినావాలో ఇంకో తీరు. 1995లో కట్టిన శాంతి స్మారకంలో జపాన్ సిపాయిలు, అమెరికా సిపాయిలు, ఊరి జనం, అందరి పేర్లూ పక్కపక్కన చెక్కారు. పిల్లల్ని రెండూ చూపించలేకపోతే ఫోటోలైనా పక్కపక్కన పెట్టి చూపించండి.

రాత్రి హోటల్‌కి వచ్చాక "ఎలా అనిపించింది?" అని అడగకండి. అడిగితే అందరూ "చాలా బాధగా అనిపించింది మేడమ్" అంటారు, మనకి ఏం కావాలో వాళ్లకి తెలుసు. "ఏం చూశావు?" అని అడగండి. ఒకడు రాళ్ల మధ్య గులాబీ అంటాడు, ఒకతి తోటమాలి మోకాలికి కట్టుకున్న దిండు అంటుంది. అవి రాయించండి.

ఇక ఫైలు సంగతి.

చివరి రోజు నేను వెళ్లేది బెల్జియంలోనే వ్లాడ్స్‌లో అనే ఊరికి. అదీ జర్మన్ శ్మశానమే, పాతిక వేల మందికి పైగా. చిన్న రోడ్డు, పెద్ద బస్సు తిరగదు, డ్రైవరుతో ముందే మాట్లాడుకోండి. లోపల చివర్న రెండు రాతి బొమ్మలు, మోకాళ్ల మీద ఒక తండ్రి, ఒక తల్లి. తండ్రి చేతులు తన ఒంటికే గట్టిగా చుట్టుకుని ఉంటాడు. తల్లి వంగిపోయి ఉంటుంది. ఇద్దరూ ఒకరినొకరు తాకరు.

చెక్కించింది కేటె కోల్విట్జ్, బెర్లిన్ చిత్రకారిణి. ఆమె చిన్న కొడుకు పీటర్‌కి 1914లో పద్దెనిమిదేళ్లు. సైన్యంలో చేరతానన్నాడు. మైనరు, తండ్రి ఒప్పుకుంటేనే తీసుకుంటారు. తండ్రి కార్ల్ డాక్టరు, ససేమిరా ఒప్పుకోలేదు. అబ్బాయి తల్లి వైపు చూశాడు. ఆమె లేచి భర్త దగ్గరికి వెళ్లి, అబ్బాయి తరఫున అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. అది ఆగస్టు. అక్టోబరులో పీటర్ చనిపోయాడు. ఈ బొమ్మల ఆలోచన ఆ ఏడాదే పుట్టింది. పూర్తయి, పీటర్‌ని మొదట పూడ్చిన శ్మశానానికి చేరేసరికి 1932; సమాధితో పాటు వ్లాడ్స్‌లోకి వచ్చింది తర్వాత. ఆలోచన నుంచి అప్పటికి పద్దెనిమిదేళ్లు, అంటే ఆ అబ్బాయి బతికినన్ని ఏళ్లు. ఇంకో పదేళ్లకి, రెండో యుద్ధంలో, ఆమె మనవడు, వాడి పేరూ పీటరే, రష్యాలో పోయాడు.

తండ్రి బొమ్మ ఎక్కడికి చూస్తోందో ఆ చూపు వెంట నడవమంటాను పిల్లల్ని. నేల మీద ఒక రాయి దగ్గర ఆగుతారు. దాని మీద ఇరవై పేర్లు. వెతికితే పీటర్ కోల్విట్జ్ దొరుకుతాడు. ఇంతకు మించి నేను అక్కడ మాట్లాడను.

నాలుగేళ్ల కిందట అక్కడినుంచి తిరిగి వస్తుంటే, బస్సు ఎక్కే మెట్టు దగ్గర ఒక అమ్మాయి ఆగింది. యాత్ర పొడుగునా ఒక్క ప్రశ్న కూడా అడగని పిల్ల.

"మేడమ్, మా నాన్న సంతకం పెట్టిన కాగితం మీ దగ్గరే ఉందా?"

"ఉందమ్మా."

"ఒకసారి చూపిస్తారా?"

సంచీలోంచి ఫైలు తీసి ఆమె కాగితం వెతికి ఇచ్చాను. చూసింది. వాళ్ల నాన్న సంతకం కింద చిన్న అక్షరాలతో, ఎవరూ అడగకపోయినా, "రాత్రిళ్లు చలికి తట్టుకోదు, స్వెటర్ వేసుకోమని చెప్పండి" అని రాశారు. నేనూ అప్పుడే చూశాను. అన్ని రోజులూ ఆ కాగితం నా సంచీలోనే ఉంది.

ఆమె నవ్వి కాగితం నాకిచ్చేసి, పైకెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

సరే, ప్రశ్నలు. వెనకాల ఆయన చెయ్యి ఎత్తి చాలాసేపైంది, చెప్పండి మాస్టారూ.